ఎక్కిన ఫైలు దిగి పడుకోవాలి

దిగువ డెల్టా మురుగునీటి పారుదల మండలి ప్రధాన కార్యాలయం సముద్రమట్టానికి రెండున్నర మీటర్ల ఎత్తున ఉంది. ఆ రెండున్నరలో ఒకటిన్నర మీటరు పునాది. చుట్టూ నలభై కిలోమీటర్ల మేర మండలివారి వాటర్ ట్యాంకు కంటే ఎత్తైన వస్తువు లేదు.

అలాంటి ఆఫీసులో, ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఒక సర్క్యులర్ వచ్చింది, ఈ ఏడు వార్షిక సమీక్షా సమావేశం ఎవరెస్ట్ బేస్ క్యాంపులో జరుగుతుందని.

మొదట చదివినవాడు సూపరింటెండెంట్ పేరిశాస్త్రి. రెండోసారి చదివినవాడు కూడా ఆయనే. ముప్పయ్యొక్కేళ్ల సర్వీసులో ఆయన ఏ సర్క్యులర్‌నీ రెండుసార్లు చదవలేదు. కాగితం పట్టుకుని నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్లాడు.

"సార్, ఎత్తు 5,364 మీటర్లు అని పడింది. కామా పొరపాటున..."

"పొరపాటు లేదు శాస్త్రిగారూ," అన్నారు డైరెక్టర్ మార్తాండరావు గారు.

ఆయన ముందురోజే ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల నాయకత్వ శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడ గడ్డం ఉన్న ఒక వక్త బేస్ క్యాంపుకి నడిచి వెళ్లొచ్చిన కథ చెప్పాడు. కింద నిలబడ్డవాడికి సమస్య కనిపిస్తుందనీ, పైన నిలబడ్డవాడికి పరిష్కారం కనిపిస్తుందనీ అన్నాడు. మార్తాండరావు గారు రాసుకున్నారు.

"మన మండలికి పరిష్కారాలు ఎందుకు దొరకడం లేదో ఇప్పుడు అర్థమైంది," అన్నారాయన. "రెండున్నర మీటర్ల నుంచి చూస్తున్నాం."

"కానీ సార్, మురుగు కాలువల శాఖకీ హిమాలయాలకీ సంబంధం ఏమిటని పైవాళ్లు అడిగితే?"

"రాయండి. మురుగుకి మూలం వాన. వానకి మూలం మేఘం. మేఘాన్ని ఆపేది హిమాలయం. కాబట్టి ఇది మూలస్థాన తనిఖీ."

పేరిశాస్త్రి రాశాడు. పైవాళ్లు అడగలేదు. వారంలో అనుమతి వచ్చింది.

మర్నాటి నుంచి సిబ్బంది రోజుకి రెండుసార్లు వాటర్ ట్యాంకు ఎక్కి దిగాలని ఆదేశం. నెలాఖరుకి ఒక డాక్టరు గారిని పిలిపించి ఉపన్యాసం ఏర్పాటు చేశారు. ఆయన బల్ల మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు.

"ఎత్తుకి శరీరం అలవాటు పడాలి. ఒక్క రోజులో ఎక్కువ ఎక్కేసి అక్కడే పడుకోకూడదు. పగలు కాస్త పైకి వెళ్లి చూడండి, రాత్రికి కిందికి దిగి పడుకోండి. తొందరపడి ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరతాయి. మెదడు ఉబ్బుతుంది."

మార్తాండరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"విన్నారా? డాక్టరు గారు మన శాఖ జబ్బేమిటో చెప్పారు. మన ఫైళ్లు తొందరపడి ఎక్కేస్తున్నాయి!"

మండలిలో ఒక ఫైలు గుమస్తా బల్ల నుంచి డైరెక్టర్ బల్లకి చేరడానికి నాలుగేళ్లు పడుతోంది. దాన్ని తొందర అని అంతవరకూ ఎవరూ అనుకోలేదు. ఆ సాయంత్రం నుంచి అందరూ అనుకున్నారు.

రెండో సర్క్యులర్ వచ్చింది. "ప్రతి ఫైలు దినమునకు ఒక్క బల్ల మాత్రమే పైకెక్కవలెను. సాయంత్రం నాలుగున్నరకు తిరిగి ఒక బల్ల కిందికి దిగి అచట నిద్రించవలెను. నిద్రించినట్లు రిజిస్టరులో సంబంధిత సూపరింటెండెంటు ధ్రువీకరించవలెను."

ఫలితం వెంటనే కనిపించింది. ఏ ఫైలూ ఎక్కడికీ చేరలేదు. ఏ ఫైలుకీ మెదడు ఉబ్బలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు కాశి ఏసుపాదం.

ఏసుపాదం చింతలమొగ తూము దగ్గర లస్కరు. కాలువ గట్లూ తూము తలుపులూ చూసుకునే పనివాణ్ణి అక్కడ లస్కరు అంటారు. చింతలమొగ దగ్గర మురుగు కాలువ సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు తూము తలుపులు దింపి ఉప్పునీటిని ఆపాలి, పాటుకి ఎత్తి మురుగు వదలాలి. మూడు తలుపుల్లో మధ్యది తుప్పు తిని రెండేళ్ల కిందట ఊడి కాలువలో పడిపోయింది. దాని చోట ఏసుపాదం ఇసుక బస్తాలు పేరుస్తాడు. సముద్రం తీసేస్తుంది. మళ్లీ పేరుస్తాడు. కొత్త తలుపు కావాలన్న ఫైలు వయసు ఏడేళ్లు.

అతను జాయింట్ డైరెక్టర్ సువర్చల గారి గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఫైలు ఇవాళ పొద్దున్న నా బల్ల ఎక్కిందయ్యా," అందావిడ నొచ్చుకుంటూ. "కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోపు నాలుగున్నరైంది. దిగిపోయింది."

"మరి ఎప్పుడు ఆగుద్దండి?"

"ఎత్తుకి అలవాటు పడ్డాక."

"ఏడేళ్ల నుంచి ఎక్కుతోందండి. ఇంకా అలవాటు పడలేదాండి?"

సువర్చల గారు కిటికీలోంచి వాటర్ ట్యాంకు వైపు చూశారు.

"మేడంగారండి, రెండేళ్లు వరసగా నారు మాడిపోయిందండి," అన్నాడు ఏసుపాదం. "పన్నెండొందల ఎకరాలండి. మూడో ఏడు కూడా పోతే రొయ్యల చెరువులోళ్లకి ఇచ్చేస్తామంటున్నారండి రైతులు. చెరువు తవ్వేక అది మళ్లీ పొలం అవ్వదండి. ఉప్పు దిగిపోద్ది. అందులో నా అరవై సెంట్లు కూడా ఉందనుకోండి. తలుపు పోత పొయ్యడానికి వర్క్‌షాపోళ్లు నలభై రోజులు అడుగుతున్నారండి. మే మొదటివారంలో కాయితం అందకపోతే జూన్ పోటుకి తలుపుండదండి."

అప్పుడే అటుగా వచ్చిన మార్తాండరావు గారు ఆగారు. ఆయన ఏసుపాదం మాటలు వినలేదు. పైకి మడిచిన పంచె కింద అతని పిక్కలు చూశారు.

"శాస్త్రిగారూ! ఈయన పిక్కలు చూడండి. ఫైళ్ల పెట్టె మోయడానికి మనిషి కావాలన్నారుగా?"

ముఖ్యమైన ఫైళ్లు నలభై ఒకటి బేస్ క్యాంపులోనే సంతకానికి నోచుకోవాలని డైరెక్టర్ గారు అప్పటికే నిర్ణయించారు. మండలికి ఒక్క క్షణం కూడా అధిపతి లేకుండా ఉండరాదన్న నిబంధన ఒకటి ఉంది. కనుక గుండ్రటి సీలూ స్టాంప్ ప్యాడూ కూడా ఆయనతోనే ప్రయాణం చేస్తాయి.

ఏసుపాదం ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ పెట్టెలో మా తూము ఫైలు ఉందాండి?"

"ఉంది," అన్నాడు పేరిశాస్త్రి.

"అయితే వస్తానండి."

*

ఏప్రిల్ పద్దెనిమిదిన డైరెక్టర్ గారూ, సువర్చల గారూ, పేరిశాస్త్రీ, పెట్టెతో ఏసుపాదమూ, నలుగురూ నేపాల్ కొండల్లోని లుక్లాలో విమానం దిగారు. గైడు పేరు దావా షెర్పా. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. నవ్వితే కళ్లు కనిపించవు. అతను ఆకుపచ్చ రేకు పెట్టెని ఎత్తి చూసి, దించి, హిందీలో అడిగాడు.

"ఇందులో ఏముంది? ఆక్సిజనా?"

"ఫైళ్లు," అన్నాడు పేరిశాస్త్రి.

దావా ఇరవై రెండుసార్లు బేస్ క్యాంపుకి మనుషుల్ని తీసుకువెళ్లాడు. ఒకాయన వీణ తెచ్చాడు. ఒకావిడ పెంపుడు కుందేలుని తెచ్చింది. ఫైళ్లు మాత్రం ఇదే మొదలు.

నామ్చే బజార్ చేరిన సాయంత్రం డైరెక్టర్ గారు ఫైళ్ల గురించి విచారించారు. డాక్టరు సూత్రం కొండల్లో అమలు చేయకపోతే ఇంకెక్కడ అమలు చేస్తాం అన్నారు. మర్నాటి నుంచి పద్ధతి ఖరారైంది. మధ్యాహ్నం భోజనం కాగానే అధికారులు లాడ్జిలో పొయ్యి చుట్టూ కూర్చుని వెల్లుల్లి సూపు తాగుతారు. ఏసుపాదం పెట్టె వీపున కట్టుకుని మూడు నాలుగు వందల మీటర్లు పైకి ఎక్కుతాడు, అక్కడ ఫైళ్లకి గంటసేపు గాలి తగలనిస్తాడు, తిరిగి కిందికి దించుతాడు. పేరిశాస్త్రి రిజిస్టరులో రాస్తాడు: "నలభై ఒక్క ఫైళ్లు 3,440 నుండి 3,800 మీటర్లకు ఎక్కి, దిగి, ఆరోగ్యముగా నిద్రించినవి."

"మీ పెద్దాయనకి కొండల సంగతి బాగా తెలుసు," అన్నాడు దావా, ఏసుపాదంతో కలిసి ఎక్కుతూ. "కానీ ఆయన ఎందుకు ఎక్కడం లేదు?"

"ఆయన ఫైలు కాదుగా," అన్నాడు ఏసుపాదం వచ్చీరాని హిందీలో.

డింగ్‌బోచే. 4,410 మీటర్లు. ఇరవై మూడో తారీఖు ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు.

మార్తాండరావు గారు మంచం మీద కూర్చుని ఊపిరి కోసం వెతుక్కుంటున్నారు. ఛాతీలో గురగుర. దావా ఆయన వేలికి ఒంట్లో ఆక్సిజన్ కొలిచే చిన్న యంత్రం తగిలించాడు. అరవై రెండు.

"దించాలి," అన్నాడు దావా. "ఇప్పుడే. గుర్రం సిద్ధంగా ఉంది."

"చార్జి అప్పగించకుండా ఎలా దిగుతారు?" అన్నాడు పేరిశాస్త్రి.

"గంట ఆగితే మనిషి ఉండడు!"

"మనిషి సంగతి వేరు. పదవి ఖాళీగా ఉండకూడదు."

మార్తాండరావు గారు చెయ్యెత్తి పేరిశాస్త్రిని సమర్థించారు. మాట రాలేదు గానీ ఆ చెయ్యి స్పష్టంగా ఉంది.

పేరిశాస్త్రి చార్జి పత్రం మూడు ప్రతులు రాయడం మొదలుపెట్టాడు. వేళ్లు కొయ్యబారి కార్బన్ కాగితం నిలవడం లేదు. పన్నెండు దాటితే పూర్వాహ్నం పోయి అపరాహ్నం అవుతుంది, మళ్లీ మొదటి నుంచి రాయాలి. అప్పగిస్తున్న వస్తువుల జాబితా తయారైంది. గుండ్రటి సీలు ఒకటి. స్టాంప్ ప్యాడ్ ఒకటి. రేకు పెట్టె ఒకటి. ఫైళ్లు నలభై ఒకటి. స్థిరాస్తుల దగ్గర పేరిశాస్త్రి ఆగాడు, కిటికీలోంచి చూశాడు, రాశాడు: కొండలు ఆరు.

"కొండలు మనవి కావుగా!" అన్నారు సువర్చల గారు.

"కనిపిస్తున్నవన్నీ రాయాలి మేడం. రేపు ఒకటి తగ్గితే మీరే సంజాయిషీ చెప్పుకోవాలి."

పదకొండు యాభై ఎనిమిదికి మూడో ప్రతి మీద సంతకం పడింది. పదకొండు యాభై తొమ్మిదికి ఏసుపాదం మార్తాండరావు గారిని రెండు చేతుల మీద ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాడు. దావా మనిషి ఒకడు కళ్లెం పట్టుకుని కిందికి పరిగెత్తించాడు.

మిగిలినవాళ్లు దిగిపోవచ్చు. కానీ సమీక్షా సమావేశం ఏప్రిల్ ముప్పైలోగా, ప్రకటించిన స్థలంలో, డైరెక్టర్ అధ్యక్షతన జరిగి తీరాలి. ఇప్పుడు డైరెక్టర్ సువర్చల గారు.

ఆవిడ డైరెక్టర్‌గా నలభై నాలుగు గంటలు పనిచేశారు. లోబుచే లాడ్జిలో ఇరవై ఐదో తారీఖు ఉదయం కిటికీ అవతల ఒక జడలబర్రె వచ్చి నిలబడింది. సువర్చల గారు దానికేసి మర్యాదగా చూశారు.

"శాస్త్రిగారూ, పాపం ఆయన్ని ఎంతసేపు నిలబెడతారు? లోపలికి రమ్మనండి."

"ఎవర్ని మేడం?"

"కాంట్రాక్టర్ గార్ని. బిల్లు విషయం అయితే రేపు రమ్మనండి."

దావా ఆవిడ కళ్లలోకి చూసి గుర్రం తెమ్మని కేక వేశాడు. పేరిశాస్త్రి కార్బన్ కాగితాలు తీశాడు. ఈసారి కొండలు తొమ్మిది వచ్చాయి. పెరిగిన మూడింటికి ఆధారం ఏమిటని ఆయన తననే ప్రశ్నించుకుని, "ఎత్తు పెరిగినందున" అని అంచున రాసి పొట్టి సంతకం పెట్టాడు.

ఇప్పుడు డైరెక్టర్ పేరిశాస్త్రి గారు.

*

గోరక్ షెప్. 5,164 మీటర్లు. బేస్ క్యాంపుకి ఇంకా మూడు గంటల నడక. ఇరవై ఆరో తారీఖు ఉదయం ఆరున్నర.

పేరిశాస్త్రి గారు రాత్రంతా తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. దావా లాడ్జి నేల మీద బొగ్గుతో గీత గీశాడు.

"దీని మీద అడుగు వెనక అడుగు వేసి నడవండి."

పేరిశాస్త్రి గారు రెండు అడుగులు వేశారు. మూడో అడుగుకి పక్కనున్న బెంచీ మీద పడ్డారు.

"గీత తప్పారు," అన్నాడు దావా. "దిగాలి."

"ముప్పయ్యొక్కేళ్లలో నేను గీత తప్పలేదు," అన్నారు పేరిశాస్త్రి గారు నీరసంగా. తరువాత ఆయన చూపు గది నలుమూలలా తిరిగింది. పొయ్యి. బెంచీ. రేకు పెట్టె. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డ ఏసుపాదం.

ఇంకెవరూ లేరు.

ఆయన జేబులోంచి సీనియారిటీ జాబితా తీశారు. అందులో లస్కర్లు లేరు. లస్కరుకి చార్జి ఇవ్వవచ్చన్న నిబంధన లేదు. వెనక్కి తిప్పి చూశారు. ఇవ్వకూడదన్న నిబంధన కూడా లేదు. ఇవ్వకపోతే మాత్రం మండలికి అధిపతి ఉండడు. ఎనభై రెండేళ్ల చరిత్రలో మొదటిసారి కుర్చీ ఖాళీ అవుతుంది, అదీ తన చేతుల మీదుగా.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తలనొప్పి వల్ల కావచ్చు.

"ఒరేయ్ ఏసుపాదం. పెన్ను ఇలా ఇవ్వు."

"శాస్త్రిగారండీ, మీరు ముందు దిగండి. కాయితాలు తర్వాత చూసుకుందారండి. ప్రాణం కదండీ."

"నోరు మూసుకుని ఇక్కడ సంతకం పెట్టు. ఇక్కడ. ఇక్కడ." మూడో ప్రతి పూర్తయింది. పేరిశాస్త్రి గారు బెంచీ మీదనుంచి లేవడానికి ప్రయత్నించి, కుదరక, కూర్చునే తల వంచారు. "సెలవు ఇప్పించండి సార్."

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకి కాశి ఏసుపాదం గారు దిగువ డెల్టా మురుగునీటి పారుదల మండలి డైరెక్టర్ అయ్యారు.

ఆయన వేలికి దావా యంత్రం తగిలించాడు. ఎనభై ఎనిమిది. దావా నమ్మలేక తన వేలికి పెట్టి చూసుకున్నాడు. ఎనభై తొమ్మిది.

"దాజూ, నువ్వు ఈ కొండ రెండుసార్లు ఎక్కావు," అన్నాడు దావా. అక్కడివాళ్లు అన్నని దాజూ అంటారు. "ఒకసారి నీ కోసం, ఒకసారి ఆ ఫైళ్ల కోసం. అందుకే బాగున్నావు."

దావా మనిషి ఒకడు పేరిశాస్త్రిని గుర్రం ఎక్కించి కిందికి తీసుకువెళ్లాడు. డైరెక్టర్ గారు పెట్టె వీపున కట్టుకున్నారు. డైరెక్టర్ స్వయంగా పెట్టె మోయడం మండలి చరిత్రలో అదే మొదలు. సాక్షి దావా ఒక్కడే.

పదకొండు గంటలకి బేస్ క్యాంపు. రాళ్లు, మంచు, పసుపు గుడారాలు. పడమట మబ్బు నల్లగా లేస్తోంది.

"పావుగంట," అన్నాడు దావా. "తరువాత నేను ఆగమన్నా ఇది ఆగదు."

ఏసుపాదం గారు రాతి మీద కూర్చుని సమీక్షా సమావేశం ప్రారంభించారు. స్వాగతం చెప్పాలని అజెండాలో ఉంది. చెప్పారు. హాజరు తీసుకోవాలని ఉంది. తీసుకున్నారు. ఒకరు. తరువాత పెట్టె తెరిచారు.

పెన్నులో సిరా గడ్డకట్టింది. ఆయన పెన్నుని చంకలో పెట్టుకున్నారు. స్టాంప్ ప్యాడ్ రాయిలా ఉంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఊపిరి ఊదారు. మధ్యలో అణా బిళ్లంత తడి తేలింది. ఒక్క సీలుకి చాలుతుందేమో.

పై ఫైలు అట్ట మీద తన పేరే ఉంది. కాశి ఏసుపాదం, లస్కరు, సర్వీసు క్రమబద్ధీకరణ. పద్నాలుగేళ్ల ఫైలు. ఆ ఫైలు ఆ పెట్టెలో ఉన్నట్టు ఆయనకి తెలియదు. ఇన్ని రోజులు దాన్ని తానే ఎక్కించి, తానే దించి, తానే నిద్రపుచ్చారు.

"ఏమిటది?" అన్నాడు దావా.

"నా ఉద్యోగం."

"పెట్టేయ్ మరి! నువ్వే కదా పెద్దసారువి!"

ఏసుపాదం గారు ఆ అట్ట మీద ఒక నిమిషం చెయ్యి ఉంచారు. పావుగంటలో ఒక నిమిషం చిన్నదేమీ కాదు. తరువాత దాన్ని పక్కన పెట్టి పైన ఒక రాయి ఉంచారు.

"సముద్రానికి నా ఉద్యోగంతో పనిలేదు తమ్ముడూ."

తూము ఫైలు అడుగున ఉంది. తొంభై నాలుగు పేజీలు. ఏడేళ్లలో పదకొండు మంది అధికారులు దాని మీద రాశారు. ఒకరు "చర్చించండి" అన్నారు. ఒకరు "మాట్లాడండి" అన్నారు. ఒకరు "పరిశీలించి తిరిగి సమర్పించండి" అన్నారు. ఒకాయన సముద్రం వారి అభిప్రాయం తెలుసుకోవాలన్నట్టు "సంబంధితులను సంప్రదించారా?" అని అడిగారు.

డైరెక్టర్ ఏసుపాదం గారు చంకలోంచి పెన్ను తీసి తొంభై అయిదో పేజీలో రాశారు.

"తలుపు పెట్టండి."

సంతకం పడింది. సీలు సగం పడింది. దావా సీలు మీద తన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. మిగతా సగం పడింది.

మొదటి మంచు రేకు వచ్చి పేజీ మీద వాలింది.

*

మూడు రోజుల తరువాత లుక్లాలో ముగ్గురు మాజీ డైరెక్టర్లు ఎదురుచూస్తున్నారు. మార్తాండరావు గారు కోలుకున్నారు. మఫ్లరు కట్టుకుని లాడ్జి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. దూరంగా పెట్టె కనిపించగానే ఎదురువెళ్లారు.

"వచ్చావా! ఆ సీలు ఇలా ఇవ్వరా."

"సార్," అన్నాడు పేరిశాస్త్రి మెల్లగా. "రా అనకూడదు. ఇంకా ఆయనే డైరెక్టర్."

మార్తాండరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఇవ్వండి."

"ఇస్తానండి అయ్యగారూ," అన్నారు ఏసుపాదం గారు. "ముందు ఈ కాయితానికి డిస్పాచ్ నంబరు పడాలండి. నంబరు లేకపోతే ఇది ఉత్తి కాయితమే కదండీ. మన ఆఫీసుకి ఓ పాతికసార్లు తిరిగేనండి, ఆ మాత్రం తెలుసండి."

"అదంతా ఊరెళ్లాక చూసుకోవచ్చు!"

"ఊరెళ్లేసరికి సీలు మీ దగ్గరుంటదండి. కాయితం మళ్లీ దిగి పడుకుంటదండి."

సువర్చల గారు ముఖం తిప్పుకుని కొండల వైపు చూశారు. ఆవిడ నవ్వుతున్నారని దావాకి అనుమానం వచ్చింది.

లాడ్జి ఫోన్ నుంచి ప్రధాన కార్యాలయానికి లైను దొరికింది. డిస్పాచ్ గుమస్తా రత్నావతి ఎత్తింది.

"హలో, డిస్పాచాండి? నేను డైరెక్టర్నండి. ఒక నంబరు వెయ్యాలండి."

"ఎవరయ్యా నువ్వు?" అంది రత్నావతి. "డైరెక్టర్లు అండీ అంటారా? పెట్టేయ్ ఫోను!"

పెట్టేసింది.

ఏసుపాదం గారు రిసీవరు వైపు చూశారు. మే మొదటివారానికి రెండు రోజులు ఉంది. సీలుని చొక్కా లోపలి జేబులోకి తోసుకుని బెంచీ మీద కూర్చున్నారు.

"నేను చెబుతాను తెండి!" మార్తాండరావు గారే మళ్లీ నంబరు తిప్పారు. "రత్నావతీ! నేను మార్తాండరావుని!"

"నమస్కారం సార్! డైరెక్టర్ గారూ, ఎలా ఉన్నారు సార్? చలిగా ఉందా సార్?"

మార్తాండరావు గారు నోరు తెరిచారు. పేరిశాస్త్రి అడ్డంగా తల ఊపాడు. కాదు. నేనే డైరెక్టర్ని అంటే రికార్డు తప్పుతుంది. రికార్డు తప్పితే చార్జి తిరిగి రాదు.

"నేను... డైరెక్టర్ని కాదు," అన్నారు మార్తాండరావు గారు. "ఇందాక నువ్వు పెట్టేసిన మనిషే డైరెక్టర్."

"అంటే... ఆ అండీ అన్నాయన?"

"ఆయనే!"

"మరి మీరెవరు సార్?"

మార్తాండరావు గారు బెంచీ మీద కూర్చున్న ఏసుపాదం గారి వైపు చూశారు. "నేను ఆయన పక్కన ఉన్నాను."

నంబరు పడింది. నాలుగు వందల పన్నెండు. దావా తన ఫోన్లో కాగితం ఫోటో తీశాడు. అది రత్నావతికి చేరింది, రత్నావతి నుంచి వర్క్‌షాపుకి చేరింది. వర్క్‌షాపువాళ్లు సరేనన్నారు. అప్పుడు ఏసుపాదం గారు సీలు తీసి బల్ల మీద పెట్టి, మూడు ప్రతుల మీద సంతకం చేశారు.

"ఒరేయ్ ఏసుపాదం," అన్నారు డైరెక్టర్ మార్తాండరావు గారు. "పెట్టె ఎత్తు."

"ఆయ్," అన్నాడు ఏసుపాదం.

*

తలుపు జూన్ ఎనిమిదిన వచ్చింది. పన్నెండో తారీఖు అమావాస్య. ఆ రోజే ప్రారంభోత్సవం పెట్టారు. ఉదయం పదకొండింటికి పోటు మొదలవుతుందనీ, కాస్త ముందుగా పెట్టుకుందామనీ ఏసుపాదం రెండుసార్లు చెప్పాడు. కార్యక్రమ పత్రం అప్పటికే అచ్చయిపోయింది. తలుపు దింపడం పన్నెండు గంటలకి, వందన సమర్పణకి ముందు, ఏడో అంశం.

చింతలమొగ తూము మీద తలుపులెత్తే చక్రాలుండే ఇనప వేదిక ఉంది. నేల నుంచి మూడు మీటర్లు. చుట్టుపక్కల అంతకంటే ఎత్తు లేదు కాబట్టి మార్తాండరావు గారు మైకు అక్కడే పెట్టించారు. పట్టు శాలువా కప్పుకుని నిలబడ్డారు. కింద గట్టు మీద రైతులు. వెనక పంక్తిలో ముగ్గురు రొయ్యల చెరువులవాళ్లు, ఒప్పంద పత్రాలు చంకలో పెట్టుకుని, ఎందుకైనా మంచిదని వచ్చారు.

"ఐదు వేల మూడు వందల అరవై నాలుగు మీటర్ల ఎత్తున," అన్నారు మార్తాండరావు గారు, "ప్రాణాలకు తెగించి తీసుకున్న నిర్ణయమిది..."

పదకొండు ఐదు. కాలువలో నీళ్లు ఆగాయి. ఒక క్షణం అలాగే ఉన్నాయి. తరువాత వెనక్కి నడవడం మొదలుపెట్టాయి.

పక్క తలుపులు రెండూ ముందే దింపేసి, మధ్య తలుపు చక్రం దగ్గర కూర్చున్న ఏసుపాదం లేచాడు. "అయ్యగారూ, తమరు దిగాలండి. పోటు వచ్చేసిందండి."

"ప్రసంగం కానీ."

"అది ఆగదండి."

పేరిశాస్త్రి కింద నుంచి కార్యక్రమ పత్రం ఎత్తి చూపించాడు. "ఇంకా రెండో అంశంలోనే ఉన్నాం!"

నురగ తూము మధ్య ద్వారం దాకా వచ్చింది. గట్టు మీద ఎవరో ఆడమనిషి కేక వేసింది. ఏసుపాదం ఇక ఎవరినీ అడగలేదు. చక్రం పట్టుకుని తిప్పాడు.

వేదిక వణికింది. తలుపుకి బిగించిన, గ్రీజు పూసిన ఇనప మర తిరుగుతూ కిందికి దిగడం మొదలుపెట్టింది. డైరెక్టర్ గారి శాలువా అంచు మరకి చుట్టుకుంది. "నాయకుడు అనేవాడు ఎత్తున..." అంటుండగా శాలువా ఆయన్ని ఒక అడుగు పక్కకి లాగింది. ఆయన వెనక్కి లాక్కున్నారు. అది ముందుకి లాక్కుంది. మరకి ఓపిక ఎక్కువ. డైరెక్టర్ గారు శాలువాని వదిలి, మైకుని వదిలి, నిచ్చెన పట్టుకుని, ఎవరికీ చార్జి అప్పగించకుండానే దిగిపోయారు.

తలుపు అడుగు రాయికి తగిలి ధన్‌మంది. అవతల సముద్రం లేచి ఇనుముని గుద్దింది. మళ్లీ గుద్దింది. ఇవతల కాలువ కదలకుండా ఉంది.

రైతులు గట్టు దిగి నీళ్ల అంచుకి వచ్చారు. రొయ్యల చెరువులవాళ్లు కాసేపు చూసి మోటారు సైకిళ్లు ఎక్కారు. ఇందాక కేక వేసిన ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తూము కిందికి నడిచి, తల పైకెత్తింది.

"ఏసుపాదం అన్నా! అయితే ఈ ఏడు నారు పోసుకోవచ్చా?"

ఏసుపాదం చక్రానికి గొలుసు వేసి తాళం బిగించాడు. మరకి చుట్టుకున్న శాలువా గుడ్డతో చేతి గ్రీజు తుడుచుకున్నాడు.

"ఆయ్," అన్నాడు. "పోసేయండి."